కత్తి దింపి ప్రజలను కాచిన రాజు
(వూ-యువే రాజ్యపు చివరి ప్రభువు చియెన్ చూ జీవితం)

రాజ్యాలను గెలిచిన రాజుల కథలు చరిత్ర గ్రంథాలలో కోకొల్లలు. చేతిలో లక్షకు మించిన సైన్యం ఉండి కూడా, ఒక్క బాణమైనా విడువక తాత తండ్రులనాటి రాజ్యాన్ని అప్పగించిన రాజు కథ మాత్రం అరుదుగా వినవస్తుంది. అట్టివాడు పిరికివాడా, ప్రజారక్షకుడా? క్రీస్తు శకం పదవ శతాబ్దంలో చైనా దేశపు ఆగ్నేయ తీరాన రాజ్యమేలిన చియెన్ చూ జీవితం ఈ ప్రశ్ననే మన ముందుంచుతుంది.

907లో మహోన్నతమైన తాంగ్ సామ్రాజ్యం కూలిపోయింది. ఉత్తరాన అర్ధశతాబ్ది కాలంలో ఐదు రాజవంశాలు ఒకదానివెంట ఒకటి పుట్టి గిట్టాయి. దక్షిణాన చిన్నచిన్న రాజ్యాలు తలెత్తాయి. హాంగ్‌చౌ రాజధానిగా వెలసిన వూ-యువే వాటిలో ఒకటి. దాని స్థాపకుడు చియెన్ ల్యూ యౌవనంలో దొంగచాటుగా ఉప్పు అమ్మి బ్రతికినవాడు. పిదప సైనికుడై, సేనానియై, రాజయ్యాడు. చియెన్‌తాంగ్ నదీముఖాన సముద్రపు పోటు పొలాలను ముంచెత్తుతుండగా, 910లో వెదురు బుట్టలలో రాళ్లు నింపించి గొప్ప కరకట్ట కట్టించాడు. నడిదేశంలో ఎవరు చక్రవర్తి అయినా వారికి కప్పం కట్టి, యుద్ధం తప్పించుకొని, ప్రజలను కాపాడుకొనడమే ఆయన రాజనీతి. వంశీయులకు ఆయన విడిచిన ఆస్తి అదే.

ఆ చియెన్ ల్యూ మనుమడే మన కథానాయకుడు. 929లో తండ్రికి తొమ్మిదవ కుమారుడుగా జన్మించాడు. మొదటి పేరు చియెన్ హోంగ్‌చు. సింహాసనం తనకు దక్కుతుందని ఆయన ఆశించే వీలే లేదు. కాని అన్న ఒకడు పిన్నవయసులోనే మరణించాడు. మరొక అన్న హోంగ్‌చోంగ్ 947లో రాజై, కొద్ది నెలలకే హూ చిన్‌స అనే సేనానిచేత పదవీచ్యుతుడయ్యాడు. కత్తులు దూసిన సైనికులు తమ్ముని పిలిచి సింహాసనం ఎక్కమన్నారు. అప్పటికి ఆయన ఇరువది ఏండ్లు నిండని యువకుడు. తన అన్న ప్రాణాలకు హాని చేయమని మాట ఇస్తేనే రాజ్యం స్వీకరిస్తానని, లేకుంటే తప్పుకొంటానని ఆయన నిబంధన పెట్టాడు. సేనాని ఒప్పుకొన్నాడు.

ఒప్పుకొన్న మాట మీద ఆ సేనాని నిలువలేదు. పదవి పోయిన రాజును చంపించవలెనని పదేపదే ఒత్తిడి చేశాడు. కొత్త రాజు కన్నీటితో నిరాకరించాడు. అంతేకాక, అన్నకు కావలిగా ఉంచిన ష్వే వెన్ అనే అధికారిని పిలిచి, తన పేరిట ఎట్టి క్రూరమైన ఆజ్ఞ వచ్చినా అది తనది కాదని, ప్రాణాలొడ్డి ఎదిరించమని ముందే చెప్పి ఉంచాడు. ఒక రాత్రి ఇద్దరు హంతకులు గోడ దాటి రానే వచ్చారు. హోంగ్‌చోంగ్ తలుపు మూసి కేకలు వేయగా, ష్వే వెన్ పరుగున వచ్చి వారిని హతమార్చాడు. ఆ సేనాని కొద్ది కాలానికే వ్రణబాధతో మరణించాడు. అన్న మాత్రం తోటలు, భవనాల నడుమ సుమారు ఇరువది ఏండ్లు సుఖంగా జీవించాడు. దాయాదుల నెత్తురు పారని సింహాసనం అరుదైన ఆ కాలంలో ఇది సామాన్యమైన విషయం కాదు.

పాలన ప్రారంభించిన మరుసటి ఏడే, అనగా 949లో, బీడు భూములను సాగుచేసినవారికి పన్ను ఉండదని ఆయన ప్రకటించాడు. దానితో రాజ్యంలో బీడు అన్నది లేకుండా పోయిందని చరిత్రకారులు వ్రాశారు. లెక్కలకెక్కని మగవారిని వెదకి పట్టి పన్ను పెంచుదామని, ఆ పని తానే చేస్తానని ఒకడు ముందుకు వచ్చాడు. రాజు వానికి పదవి ఇవ్వలేదు; నగరద్వారం వద్ద అందరూ చూస్తుండగా బెత్తపు దెబ్బలు కొట్టించాడు.

చియెన్ చూ పరమ బౌద్ధ భక్తుడు. మన దేశపు అశోక చక్రవర్తి ఎనభై నాలుగు వేల స్తూపాలు కట్టించాడన్న గాథ ఆయన హృదయాన్ని ఆకర్షించింది. 955లో ఉత్తరాన చౌ వంశపు చక్రవర్తి వేలకొలది బౌద్ధాలయాలను మూయించి, విగ్రహాలను కరిగించి నాణేలు పోయిస్తుండగా, అదే సంవత్సరం ఈ చిన్న రాజు 84,000 చిన్న లోహ స్తూపాలు చేయించ సంకల్పించాడు. చేతిలో పట్టుకొని మోయదగిన ఆ స్తూపాలమీద ఆయన పేరు, సంవత్సరం చెక్కి ఉన్నాయి. కొన్ని సముద్రం దాటి జపాను చేరాయి.

ఈ స్తూపాలలో ఉంచడానికి ధారణీ సూత్రాన్ని చెక్క అచ్చులతో ముద్రింపించాడు. 956లోను, 965లోను, 975లోను అచ్చయిన ప్రతులు నేటికీ లభిస్తున్నాయి. ఆ సూత్రాన్ని ఎనిమిదవ శతాబ్దంలో సంస్కృతంనుండి చైనా భాషలోకి తెచ్చినవాడు అమోఘవజ్రుడు. 1924 సెప్టెంబరు 25న హాంగ్‌చౌ పశ్చిమ సరోవర తీరాన లేఫెంగ్ గోపురం కూలిపోగా, రంధ్రాలున్న ఇటుకలలో చుట్టిపెట్టిన 975 నాటి ముద్రిత ప్రతులు బయటపడ్డాయి. యూరపులో గూటెన్‌బర్గు అచ్చుయంత్రానికి దాదాపు ఐదు వందల సంవత్సరాల ముందటి అచ్చు అది! 2001లో ఆ గోపురపు పునాది గదిని త్రవ్వగా వెండితో చేసిన అశోక స్తూపం కూడా దొరికింది.

గ్రంథాలపట్ల ఆయనకుగల ఆసక్తికి మరొక నిదర్శనం ఉంది. ఒకనాడు ఒక గ్రంథంలో అర్థంకాని మాట కనబడగా పండితులను అడిగాడు. దానిని వివరించే తియెన్‌తాయ్ సంప్రదాయ గ్రంథాలు యుద్ధాలలో నశించాయని, విదేశాలలో ఉండవచ్చునని వారు తెలిపారు. వెంటనే కానుకలతో దూతలను పంపాడు. 961లో కొరియా భిక్షువు చేగ్వాన్ గ్రంథాలతో వచ్చాడు. పోయిన విద్య అలా తిరిగి వచ్చింది.

960లో ఉత్తరాన సుంగ్ వంశం అవతరించింది. చక్రవర్తి తండ్రి పేరులోని అక్షరం తన పేరులో ఉన్నందున రాజు దానిని విడిచి, చియెన్ చూగా మిగిలాడు. సుంగ్ సేనలు ఒక్కొక్క రాజ్యాన్నే కబళించసాగాయి. 965లో లొంగిపోయిన షూ రాజ్యంలో సైనికుల దోపిడివల్ల తిరుగుబాటు రేగి అపార జననష్టం కలిగింది. 974లో పొరుగున ఉన్న దక్షిణ తాంగ్ వంతు వచ్చింది. అక్కడి రాజు కవివరేణ్యుడైన లీ యూ. ఈనాడు నేను పోతే రేపు నీవు ఉంటావా అన్న భావంతో ఆయన చియెన్ చూకు లేఖ వ్రాశాడు. పొరుగు రాజ్యం మనకు కంచె వంటిదని, దానిని మనమే కూల్చరాదని సొంత మంత్రి కూడా అడ్డుచెప్పాడు. చియెన్ చూ ఆ లేఖను చక్రవర్తికే పంపివేశాడు, మంత్రిని తొలగించాడు, తన సేనతో వెళ్లి చాంగ్‌చౌ నగరాన్ని పట్టాడు. 975 చివర దక్షిణ తాంగ్ కూలిపోయింది. ఆయన జీవితంలో నేటికీ తర్కానికి నిలిచిన ఘట్టం ఇదే.

976లో చక్రవర్తి పిలుపుమీద భార్యతో, కుమారునితో రాజధాని కైఫెంగ్‌కు వెళ్లాడు. రెండు నెలలు గౌరవించి చక్రవర్తి ఆయనను తిరిగి పంపాడు. పంపుతూ పసుపుపచ్చని మూట ఒకటి ఇచ్చి, దారిలో ఏకాంతంగా చూడమన్నాడు. విప్పి చూస్తే, ఆయనను పోనివ్వక బంధించమని ఆస్థాన మంత్రులు పెట్టుకొన్న విజ్ఞాపన పత్రాల కట్ట! కృతజ్ఞతతోపాటు భయమూ ఆయన గుండెలో నాటుకొంది.

978లో ఆయన మళ్లీ కైఫెంగ్ వెళ్లాడు. అప్పటికి చక్రవర్తి మారాడు. తోడు వచ్చిన మంత్రి త్స్వే రెన్‌చీ, ఇక ఆలస్యం చేస్తే ముప్పు తప్పదని హెచ్చరించాడు. స్వదేశం వేయి లీల దూరం. రెక్కలుంటే తప్ప తప్పించుకొనే దారి లేదు. చియెన్ చూ తన రాజ్యాన్ని రాసి ఇచ్చాడు. పదమూడు మండలాలు, ఒక సైనిక మండలం, 86 తాలూకాలు, 5,50,680 కుటుంబాలు, 1,15,036 మంది సైనికులు — ఇదీ ఆ అప్పగింత లెక్క. సంగతి తెలిసిన పరివారం, తమ రాజు ఇక ఇంటికి రాడని బావురుమన్నారు. ఆయన బంధువులను, అధికారులను ఉత్తరానికి తరలించడానికి 1,044 నావలు పట్టాయి.

పేరుకు రాజబిరుదులు దక్కినా, స్వేచ్ఛ దక్కలేదు. 988లో తన జన్మదినాన చక్రవర్తి పంపిన కానుకలు అందుకొని, దూతలతో విందారగించి, ఆ రాత్రే కన్నుమూశాడు. విషప్రయోగమేమోనన్న అనుమానం లోకంలో నిలిచింది; రుజువు లేదు. పుట్టిన గడ్డకు దూరంగా లోయాంగ్ చెంత ఆయనను సమాధి చేశారు.

దోషాలు ఎంచినవారూ లేకపోలేదు. కప్పాలకోసం ప్రజలపై పన్నుల భారం మోపారని చరిత్రకారుడు ఔయాంగ్ షియు ఆ వంశాన్ని విమర్శించాడు. అయితే శతాబ్దం తరువాత, 1077లో, మహాకవి సూ షీ ఆ రాజుల ఆలయానికి శాసనం రచిస్తూ, వారివల్లనే ఆ ప్రాంత ప్రజలు యుద్ధమెరుగక బ్రతికారని కొనియాడాడు. కాలిపోని హాంగ్‌చౌ నగరమే పిదప దక్షిణ సుంగ్ సామ్రాజ్యానికి రాజధాని అయింది.

బడి పిల్లలకు సంబంధించిన ముచ్చటతో ముగిస్తాను. మన పెద్దబాలశిక్ష వలె, చైనాలో తరతరాల పిల్లలు వల్లెవేసిన పుస్తకం నూరు వంశనామాల పుస్తకం. అందులో మొదటి పేరు చక్రవర్తిది, రెండవది చియెన్. అది పూర్వపు వూ-యువే ప్రాంతపు పండితుని కూర్పు కావడంవల్లనే తమ రాజుకు ఆ స్థానం దక్కిందని పరంపరగా చెబుతారు. సింహాసనం పోయింది, రాజ్యం పోయింది. కాని పిల్లల నోట పాఠమై ఆ పేరు వేయేండ్లు నిలిచింది. తమ రాజు ఏమి కాపాడాడో ఆ ప్రాంతపు ఉపాధ్యాయులు మరువలేదన్నమాట.