గణితవేత్త లాప్లాస్

పియెర్ సిమోన్ లాప్లాస్ 1749 మార్చి 23న ఫ్రాన్సు దేశంలో, నార్మండీ ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్లో జన్మించాడు. తండ్రి వ్యవసాయదారుడు. కుమారుడు మతాచార్యుడు కావాలని ఆయన కోరిక. అందుకే 16వ ఏట కాన్ నగరంలోని విశ్వవిద్యాలయంలో చేర్పించాడు. అక్కడ మతవిద్య కన్న గణితమే ఆ బాలుణ్ణి ఎక్కువగా ఆకర్షించింది. ఇరవయ్యేళ్లు నిండీ నిండక ముందే లాప్లాస్ పారిస్ చేరి, ఆనాటి ప్రసిద్ధ గణితవేత్త దాలంబేరును ఆశ్రయించాడు. దాలంబేరు ఆ యువకుని ప్రతిభను గుర్తించి సైనిక పాఠశాలలో అధ్యాపక పదవి ఇప్పించాడు. 1773లో, 24వ ఏటనే లాప్లాస్ ఫ్రెంచి విజ్ఞాన అకాడమీలో సభ్యుడయ్యాడు.

ఆ మరుసటి ఏడు ఆయన ప్రకటించిన ఒక వ్యాసం సంభావ్యతా శాస్త్రానికి కొత్త దారి చూపింది. అంతవరకు పండితులు ఎక్కువగా పాచికల వంటి ఆటలనే లెక్కించారు. పాచికకు ఆరు ముఖాలు. ఏ ముఖమైనా పడే సంభావ్యత ఆరింట ఒకటి. అది ముందే తెలుసు. తెలియనప్పుడు ఏం చేయాలి?

ఒక కుండ నిండా లెక్కలేనన్ని తెల్లచీట్లు, నల్లచీట్లు ఉన్నాయనుకుందాం. ఏ రంగువి ఎన్నో తెలియదు. తెల్లచీటి వచ్చే సంభావ్యత ఎంత? ఏ చీటీ తీయక ముందు సగం అంటాం. ఒకటి తీశాం, తెల్లది వచ్చింది. లాప్లాస్ సూత్రం ప్రకారం ఆ సగం మూడింట రెండు వంతులవుతుంది. ఇక ఇంకొక సందర్భం. వంద చీట్లు తీయగా 50 తెల్లవి, 50 నల్లవి వచ్చాయి. ఇప్పుడూ సంభావ్యత సగమే. కాని మరొక తెల్లచీటి వస్తే అది 103లో 52 వంతులు మాత్రమే అవుతుంది, అంటే దాదాపు కదలదు. మొదటి సగం తెలియనితనం నుండి పుట్టింది, రెండవది అనుభవం నుండి పుట్టింది. అంకె ఒకటే, దాని మీద ఉంచదగిన నమ్మకం వేరు. సంభావ్యతకే ఒక సంభావ్యత ఉంటుందన్నమాట! ఈ ఆలోచన ఇంగ్లండులో 1761లో మరణించిన థామస్ బేయస్ అనే మతబోధకుని వ్యాసంలో అంతకుముందే ఉంది. లాప్లాస్ దాన్ని స్వతంత్రంగా కనుగొని చాలా దూరం విస్తరించాడు.

కుండను వదిలి ఆయన లోకం వైపు తిరిగాడు. 1745 నుండి 1770 వరకు పారిస్‌లో 2,51,527 మంది మగపిల్లలు, 2,41,945 మంది ఆడపిల్లలు పుట్టినట్లు లెక్కలున్నాయి. మగపిల్లలు ఎక్కువగా పుట్టడం కాకతాళీయమా? కాదని చెప్పడానికి ఎంత ధీమా ఉండవచ్చో లాప్లాస్ గణించి చూపాడు. ఆ ధీమా నిశ్చయానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

నెపోలియన్ 1799లో ఆయనను మంత్రిగా నియమించి ఆరువారాలకే తొలగించాడు. ఆ కొలువు ఆయనకు తగినది కాదు. ఆయన కీర్తి ఖగోళశాస్త్రంలోనూ, 1812లో వెలువడిన సంభావ్యతా గ్రంథంలోనూ ఉంది.

వృద్ధాప్యంలో లాప్లాస్ గ్రహాల ద్రవ్యరాశికి ఇదే పద్ధతిని అన్వయించాడు. శని సూర్యునిలో 3,512వ వంతు అని, గురుగ్రహం 1,070వ వంతు అని చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. శని విషయంలో తన లెక్క నూటికి ఒక వంతుకు మించి తప్పదని 11,000కు ఒకటి చొప్పున, గురుగ్రహం విషయంలో 10 లక్షలకు ఒకటి చొప్పున పందెం కాయవచ్చన్నాడు. కుండలోనుండి చీట్లు తీసేటప్పుడు ఏ చీటీ పక్షపాతం చూపదని ముందే ఒప్పుకొంటాం. ఆకాశం విషయంలో అటువంటి హామీ లేదు. పరిశీలనలన్నీ ఒకే వైపు ఒరిగితే వాటి సంఖ్య ఎంత పెరిగినా తప్పు తరగదు, ధీమా మాత్రం పెరుగుతుంది.

లాప్లాస్ 1827 మార్చి 5న పారిస్‌లో మరణించాడు. తరువాత కొద్ది ఏళ్లకే జార్జి ఏరీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త గురుగ్రహపు ఉపగ్రహాల కదలికను కొలిచి, ఆ గ్రహం సూర్యునిలో సుమారు 1,047వ వంతు అని తేల్చాడు. లాప్లాస్ లెక్క నూటికి రెండు వంతులకు పైగా తప్పింది. తక్కువ ధీమాతో చెప్పిన శని లెక్క మాత్రం నేటి కొలతలకు కూడా ఆయన గీసిన హద్దులోనే ఉంది.