డిచ్‌పల్లి డాక్టరమ్మ



బుద్ధిమంతుడు అపాయాన్ని ముందే చూసి తప్పుకుంటాడని సామెతలు 22వ అధ్యాయం నేర్పుతుంది. పిల్లలకు బుద్ధి చెప్పేటప్పుడు, ఎవరికైనా అప్పుకు హామీ ఉండాల్సి వచ్చినప్పుడు ఈ మాట మనకు వెంటనే గుర్తొస్తుంది. మంచిదే. కానీ సాయం చేయవలసిన చోటునుంచి మెల్లగా జారుకోవడానికి కూడా దీన్నే అడ్డుపెట్టుకుంటాం. చేయగలిగిన మేలును ఆపవద్దని, పొరుగువాణ్ణి రేపు రమ్మని తిప్పి పంపవద్దని అదే గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది. ఈ రెండు బోధలూ ఒకే జీవితంలో ఎలా కుదురుతాయో చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు.

బీబీపేట, దోమకొండ వైపు సంఘాలవారు కామారెడ్డి మీదుగా నిజామాబాద్ వెళ్ళేటప్పుడు డిచ్‌పల్లి దాటుతారు. అక్కడ కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రిని నడిపిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టింది. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకుంది. ఆడవాళ్ళు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. భర్త జార్జ్ కెర్ పాస్టరుగారు. 1907లో ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు.

ఇక్కడ కుష్ఠు సోకినవారికి వైద్యం దాదాపు లేదు. వేళ్ళు పోయినవారు ఊరవతల బిచ్చమెత్తుకునేవారు. పాపఫలమని అన్ని మతాలవారూ అనుకునేవారు, మనవాళ్ళూ అందుకు మినహాయింపు కాదు. లేవీయకాండం 13వ అధ్యాయం చదివి వారిని వెలివేసేవారు, బాగుపడినవాణ్ణి తిరిగి పాళెంలోకి తీసుకొచ్చే విధానం చెప్పిన 14వ అధ్యాయం దాకా ఎందుకో రారు.

కెర్ దంపతులు వారికోసం ఒక చోటు కట్టాలనుకున్నారు. డబ్బిచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందూ దాత. సొలొమోను ఆలయానికి కలప పంపింది తూరు రాజైన హీరాము అని గుర్తుంటే ఇందులో ఆశ్చర్యమేమీ కనబడదు. 1915లో డిచ్‌పల్లి కేంద్రం మొదలైంది.

ఆమె తెలివి నాకు ఎక్కువగా కనిపించేది ఆ తరువాతి పనిలో. అప్పటికి ఉన్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. తాగిస్తే వాంతులయ్యేవి, రోగులు మానేసేవారు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అనే వైద్యులు దాన్ని సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. ఇసబెల్ తనకు తెలిసినదే చాలనుకోక ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో అమలు చేసింది. సూది నొప్పిగా ఉండేది, నెలల తరబడి వేయించుకోవాలి, అందరికీ గుణమిచ్చేదీ కాదు. జబ్బు మొదట్లోనే వచ్చినవారికి ఎక్కువ మేలు కలిగేది. జ్ఞాని మాట విని ఇంకా నేర్చుకుంటాడని సామెతలు మొదటి అధ్యాయం చెప్పేది ఇటువంటి పనినే. ప్రార్థన ఉంది కదా, వైద్యం ఎందుకు అనే మాట మన సంఘాలలో ఇప్పటికీ వినబడుతుంది. ప్రార్థించే ఆ డాక్టరమ్మ మాత్రం సూదిని పక్కన పెట్టలేదు.

ఆమె అపాయాన్ని చూడకపోలేదు. ఆ రోగం ఏమిటో, ఎలా పాకుతుందో డాక్టరుగా ఆమెకు మనకన్నా బాగా తెలుసు. తెలిసే దగ్గరికి వెళ్ళింది. 1923లో ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె చనిపోయింది. డాప్సోన్ మాత్ర వాడుకలోకి రావడం ఆమె చూడలేదు.

ఈ రోజు ఆ జబ్బుకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. రకాన్నిబట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. అయినా స్పర్శలేని మచ్చను చీర కొంగు కింద దాచుకునేవారు ఉన్నారు, పెళ్ళి సంబంధం చెడుతుందని దాచమనే తల్లిదండ్రులూ ఉన్నారు. దాచినకొద్దీ నరాలు దెబ్బతింటాయి. అందులో వారి తప్పు ఎంత, వారిని భయపెట్టిన మన తప్పు ఎంత? క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కూడా కుష్ఠు ఒక కారణంగా ఉండేది. దాన్ని పార్లమెంటు తీసివేసింది 2019లో, అంటే డిచ్‌పల్లి కేంద్రం మొదలైన 104 ఏళ్ళకు.