లేని జంతువులకు ప్రాణం పోసిన సుకుమార్ రాయ్

మీరు ఖరగ్‌పూర్‌లో ఉంటూ చదువుకుంటున్నవారైతే సుకుమార్ రాయ్ పేరు మీకు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుండి ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇరుగుపొరుగు బెంగాలీ పిల్లల నోట ఆయన గేయాలు వినే ఉంటారు. మిగతా ప్రాంతాల వారికి సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ తెలుసు కదా! ఆయన తండ్రే సుకుమార్ రాయ్. వింత జంతువులను సృష్టించి పిల్లలనూ పెద్దలనూ నవ్వించిన ఆయన జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

చదువు - వృత్తి

సుకుమార్ 1887 అక్టోబరు 30న కలకత్తాలో జన్మించారు. తండ్రి ఉపేంద్రకిశోర్ రచయిత, చిత్రకారుడు, ముద్రణా నిపుణుడు. సుకుమార్ ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. 1911లో ఉపకార వేతనంపై ఇంగ్లండు వెళ్లి, ఫోటోగ్రఫీ, ముద్రణ నేర్చుకుని 1913లో తిరిగి వచ్చారు. ఆ ఏడాదే తండ్రి పిల్లల కోసం 'సందేశ్' పత్రికను ప్రారంభించారు. 1915లో తండ్రి మరణించడంతో ప్రెస్సు, పత్రిక రెండింటి భారమూ సుకుమార్‌పై పడింది.

వింత జంతువులు

సందేశ్‌లో ఆయన నిజమైన జంతువుల గురించి, విజ్ఞాన విషయాల గురించి వ్యాసాలు రాసేవారు. అదే పత్రికలో లేని జంతువులకూ చోటిచ్చారు. వాటి బొమ్మలు కూడా తానే గీశారు.

ఒక గేయంలో 'హాతిమి' అనే జంతువు ఉంది. బెంగాలీలో హాతి అంటే ఏనుగు, తిమి అంటే తిమింగలం. మొదటి మాట చివర, రెండో మాట మొదట ఒకే అక్షరం 'తి' ఉంది గమనించారా? ఆ అక్షరం దగ్గర రెండు జంతువులనూ అతికించారు. కొంగ, తాబేలు కలిసిన 'బకచ్ఛప్' కూడా ఇలా పుట్టిందే. మన భాషలోనూ ఈ ఆట ఆడవచ్చు. ఏనుగును గుర్రంతో కలిపితే 'ఏనుగుర్రం' అవుతుంది!

'హేశోరామ్ హుషియార్ డైరీ' అనే కథలో ఆయన పరిశోధకుల యాత్రలనే సరదాగా అనుకరించారు. అంతరించిన జంతువులకు శాస్త్రజ్ఞులు పెట్టే పేర్ల చివర థీరియం, సారస్ వంటి మాటలు వస్తాయి. గ్రీకులో మొదటిదానికి మృగమని, రెండోదానికి బల్లి అని అర్థం. సుకుమార్ ఆ తోకలను బెంగాలీ మాటలకు తగిలించారు. తిండిపోతు జంతువు 'హ్యాంగ్లాథీరియం', అరుపుల జంతువు 'చిల్లానోసారస్' అయ్యాయి.

విచిత్రం ఏమిటంటే, తరువాతి కాలంలో శాస్త్రజ్ఞులు నిజంగానే ఇలాంటి పేరు పెట్టారు. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన ఒక రాక్షసిబల్లికి 1975లో 'బారపాసారస్' అని నామకరణం చేశారు. బెంగాలీలో 'బడ పా' అంటే పెద్ద కాలు.

చివరి రోజులు

1921లో కొడుకు సత్యజిత్ పుట్టాడు. ఆ ఏడాదే సుకుమార్‌కు కాలా అజార్ జ్వరం సోకింది. ఆ రోజుల్లో దాని నుండి బతికి బయటపడటం చాలా కష్టం. సుమారు రెండున్నర ఏళ్లు ఆయన మంచం పట్టారు. అయినా రాయడం, గీయడం మానలేదు. తన గేయాల సంపుటి 'ఆబోల్ తాబోల్' ముఖచిత్రాన్ని, పుటల అమరికను పడక మీదే సిద్ధం చేశారు. 1923 సెప్టెంబరు 10న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. తొమ్మిది రోజుల తరువాత, సెప్టెంబరు 19న, ఆ పుస్తకం వెలువడింది. అచ్చయిన ప్రతిని ఆయన చూడలేకపోయారు.

కొన్నేళ్లకు ప్రెస్సు చేజారింది. సందేశ్ కూడా ఆగిపోయింది. 1961లో సత్యజిత్ దానిని మళ్లీ ప్రారంభించారు. ఆబోల్ తాబోల్‌ను మాత్రం బెంగాలీ ఇళ్లలో నేటికీ చదువుతున్నారు.

నవ్వించడం తేలిక పని అని మనం అనుకుంటాం. సుకుమార్ జీవితం చూస్తే అలా అనిపించదు. నిజమైన జంతువులను, శాస్త్రాన్ని శ్రద్ధగా తెలుసుకున్నారు కనుకనే ఆయన వాటితో ఆడుకోగలిగారు. మీ చదువులోనూ ఇది గుర్తుంచుకోండి.

మీరు చేయండి

ఒక జంతువు పేరు చివరి అక్షరంతో మొదలయ్యే మరో జంతువును వెతకండి. రెండు పేర్లనూ కలిపి, ఆ కొత్త జంతువు బొమ్మ గీయండి. అది ఏమి తింటుందో, ఎక్కడ ఉంటుందో ఐదు వాక్యాల్లో రాయండి.