హ్యూగో గ్రోషియస్

ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగవుపడితే మునసబు కోర్టు ఉన్నది. ఆపైన జిల్లా కోర్టు, హైకోర్టు ఉన్నవి. రెండు రాజ్యాలు తగవుపడితే ఎవరి గుమ్మం ఎక్కాలి? రాజులకు పైన మరొక రాజు లేడు గదా! కర్ర గలవానిదే బర్రె అని ఊరుకోవలసినదేనా? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినదే అంతర్జాతీయ న్యాయశాస్త్రము. స్పెయిను దేశపు విటోరియా, ఇటలీలో పుట్టి ఇంగ్లండులో పాఠాలు చెప్పిన జెంటిలీ ముందుగానే కొంత నేల చదును చేసి పెట్టారు. అయినా ఆ శాస్త్రానికి తండ్రిగా లోకం ఎక్కువగా తలచేది హాలండు దేశస్థుడైన హ్యూగో గ్రోషియసునే. పుట్టిన ఊరు విడిచి పరాయి చోట కాపురాలు పెట్టుకున్న మన కుటుంబాలవారికి ఇతని జీవితం దగ్గరగా తోస్తుందని ఈ ఉగాది సంచికకు దీనిని ఎన్నుకున్నాను.

గ్రోషియస్ 1583 ఏప్రిల్ 10వ తేదీన డెల్ఫ్ట్ పట్టణంలో జన్మించాడు. ఇంటిపేరు డి గ్రోట్. గ్రోషియస్ అనేది దానికి లాటిను రూపం. అప్పటికి హాలండు స్పెయిను రాజుమీద తిరుగబడి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్నది. మన పిల్లవాండ్లు ఆరవ తరగతిలో ఉండే వయస్సులో, అనగా పదకొండవ ఏట, ఇతడు లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పదిహేనవ ఏట రాయబారులవెంట ఫ్రాన్సుకు వెళ్ళి నాలుగవ హెన్రీ రాజు దర్శనం చేసుకున్నాడు. ఆ ప్రయాణంలోనే ఆర్లియన్సులో న్యాయశాస్త్రపు డాక్టరు పట్టం పుచ్చుకున్నాడు. 1599లో హేగు నగరంలో వకీలయ్యాడు.

ఇతని అసలు కథ ఒక ఓడతో ఆరంభమవుతుంది. ఆ రోజులలో తూర్పు సముద్రాలు తమవేనని పోర్చుగీసువారి వాదం. తాము ముందుగా దారి కనిపెట్టామనీ, పోపుగారు తమకు వ్రాసియిచ్చారనీ వారు చెప్పేవారు. హిందూ మహాసముద్రంలో తిరిగే నావలవారు పోర్చుగీసువారి వద్ద కార్తాజు అనే అనుమతి చీటీ కొనుక్కోవలసి వచ్చేది. తన సముద్రంలో తాను పోవడానికి పరాయివానికి సుంకం! ఇలా ఉండగా 1603 ఫిబ్రవరిలో సింగపూరు దగ్గర ఒక డచ్చి కెప్టెను సాంటా కాటరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నాడు. అందులోని చీనా పట్టు, పింగాణి వగైరా సరుకును ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే ముప్పది లక్షల గిల్డర్లకు పైగా వచ్చింది. డబ్బు వచ్చింది గాని మనస్సులో ముల్లు గుచ్చుకున్నది. ఇది వర్తకమా, దోపిడీయా అని డచ్చి ఈస్టిండియా కంపెనీ వాటాదారులలోనే కొందరు అడిగారు. కంపెనీవారు సమర్థన వ్రాసిపెట్టమని యువకుడైన గ్రోషియసును కోరారు.

ఆయన పెద్ద గ్రంథమే వ్రాశాడు. అందులో ఒక్క అధ్యాయం 1609లో పేరు లేకుండా అచ్చయింది. స్వేచ్ఛా సముద్రము అని దాని పేరుకు అర్థం. మిగిలిన వ్రాతప్రతి కాగితాల మధ్య మరుగునపడి, 1864లో వేలానికి వచ్చినప్పుడుగాని లోకానికి తెలియలేదు. అందులోని వాదం సులువుగా చెప్పవచ్చు. నేలను కంచె వేసి నాది అనవచ్చు. సముద్రానికి కంచె వేయడం ఎవరి తరం? కనుక అది గాలివలె అందరిదీ. రెండవ మాట మనకు ముఖ్యమైనది. తూర్పు దేశాలలో రాజులున్నారు, చట్టాలున్నవి, ఆస్తులున్నవి. ఆ ప్రజలు క్రైస్తవులు కారన్నంతమాత్రాన వారి దేశం ఇంకొకరిది కాజాలదని గ్రోషియస్ స్పష్టంగా వ్రాశాడు. ఆ పుస్తకం వెలువడేసరికి డచ్చివారు మన మచిలీబందరులో గిడ్డంగి పెట్టి, గోలకొండ సుల్తాను అనుమతితో కోరమండల్ తీరపు బట్టలు కొని సుగంధద్రవ్యాల దీవులకు చేరవేస్తున్నారు.

అయితే న్యాయం చెప్పిన నోటితోనే అడ్డం కూడా చెప్పవలసి వచ్చింది. 1613లో గ్రోషియస్ లండనుకు వెళ్ళాడు. ఆ దీవుల వ్యాపారం ఒప్పందాలద్వారా తమకే దక్కిందనీ, ఇంగ్లీషువారు రాకూడదనీ కంపెనీ పక్షాన వాదించాడు. ఇంగ్లీషువారు ఆయన పుస్తకాన్నే తీసి ఆయన ముందు పెట్టారు! వకీలు వృత్తిలో ఇది వింత కాదు గాని, గొప్పవాని చరిత్రలో దీనిని దాచడం నాకిష్టం లేదు.

ఇంతలో స్వదేశంలో మతవివాదం ముదిరింది. దైవనిర్ణయం మార్చలేనిదా, మానవ ప్రయత్నానికి తావున్నదా అనే చర్చ చివరకు రాజకీయమై, ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే వృద్ధ మంత్రికీ మారిస్ ప్రభువుకూ మధ్య పోరుగా మారింది. గ్రోషియస్ మంత్రి పక్షం. 1618లో ఇద్దరినీ నిర్బంధించారు. మరుసటి మే నెలలో మంత్రి తల నరికారు; గ్రోషియసుకు యావజ్జీవ ఖైదు విధించి, ఆస్తి జప్తు చేసి, లోవెస్టైన్ కోటలో పెట్టారు.

ఇక్కడ ఆయన భార్య మరియాను గురించి చెప్పక తీరదు. ఆమె కూడా కోటలోనే కాపురమున్నది. భర్త చదువుకోవడానికి స్నేహితుల ఇండ్లనుంచి పెద్ద పెట్టెనిండా పుస్తకాలు రావడం, చదివినవి తిరిగి పోవడం వాడుక. మొదట్లో కావలివాండ్లు పెట్టెను విప్పి చూసేవారు. పోనుపోను విసుగెత్తి మానివేశారు. ఇది మరియా గమనించింది. పార్సిలు ఆఫీసులో పనిచేసే నాబోటి గుమాస్తాలు వినదగిన సంగతి ఇది! 1621 మార్చి 22న ఆమె భర్తను ఆ పెట్టెలో పడుకోబెట్టి తాళం వేసింది. ఆయన బట్టలు మంచం దగ్గర పెట్టి, తాను గదిలోనే ఉండిపోయింది. ఎల్స్యే అనే పనిపిల్ల పెట్టెవెంట పడవలో వెళ్ళి గోరిన్‌ఖెమ్ పట్టణంలో మిత్రుని ఇల్లు చేర్చింది. అక్కడనుంచి గ్రోషియస్ తాపీపనివాని వేషంలో సరిహద్దు దాటి, ఆంట్‌వర్ప్ మీదుగా పారిసు చేరుకున్నాడు. కొద్దిరోజులకే మరియాను విడిచిపెట్టారు. ఆ పెట్టె ఇదేనని చూపే పెట్టెలు హాలండులో ఒకటికంటె ఎక్కువే ఉన్నవి.

ఫ్రెంచిరాజు భరణం ఏర్పాటు చేశాడు గాని అది సరిగా చేతికందేది కాదు. ఆ ఇబ్బందులలోనే ఆయన యుద్ధ శాంతి ధర్మాలను గురించిన మహాగ్రంథాన్ని పూర్తిచేసి 1625లో పారిసులో అచ్చువేయించాడు. అప్పటికి ముప్పది సంవత్సరాల యుద్ధం జర్మనీని ఊళ్ళకు ఊళ్ళుగా కాల్చుతున్నది. ఏ మతస్థుడైనా, ఏ రాజైనా ఒప్పుకోవలసిన ధర్మం మనిషి బుద్ధిలోనే ఉన్నదని ఆయన సిద్ధాంతం. దేవుడే లేడనుకున్నా ఆ ధర్మం చెల్లుతుందన్నంత దూరం పోయాడు. తాను మాత్రం గొప్ప భక్తుడు. ఆత్మరక్షణకో, పోయిన సొత్తు రాబట్టుకోవడానికో, నేరానికి శిక్షగానో తప్ప యుద్ధం తగదు. యుద్ధంలో కూడా స్త్రీలను, పిల్లలను, రైతులను, లొంగిపోయినవారిని కాపాడాలి. ఇచ్చిన మాట శత్రువుకైనా చెల్లించాలి.

ఈ చివరి మాటమీదనే దేశాల మధ్య ఒడంబడికలన్నీ నిలిచి ఉన్నవి. యానాంలోని మనవారికి ఇది అనుభవమే. అక్కడ ఫ్రెంచివారి పాలన 1954లో ముగిసినా, 1956లో రెండు ప్రభుత్వాలు సంతకాలు చేసిన ఒడంబడిక 1962లో అమలుకు వచ్చినప్పుడుగాని ఆ మార్పిడికి న్యాయరీత్యా పూర్తి రూపం రాలేదు.

అదే గ్రంథంలో బానిసత్వాన్ని ఆయన కాదనలేదు. యుద్ధంలో చిక్కినవారిని బానిసలుగా ఉంచుకోవచ్చునన్నాడు. ఆయన పెట్టెలో తప్పించుకున్న 1621లోనే డచ్చి కంపెనీవారు బాండా దీవులలో వేలాది జనాన్ని చంపి, మిగిలినవారిని చెరపట్టారు. ఆ శతాబ్దంలో మన కోరమండల్ తీరంనుంచి కూడా డచ్చి ఓడలు బానిసలను బటావియాకు తీసుకుపోయాయి. ఆయన ఏ కంపెనీకి వకాల్తా పట్టాడో ఆ కంపెనీ పనులే ఇవి.

1631లో స్వదేశం మీద ఆశతో తిరిగివెళ్ళాడు. పట్టియిచ్చినవారికి బహుమానమని ప్రకటించగా మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళగొట్టబడ్డాడు. అటుపై స్వీడను దేశం తరఫున పారిసులో 1635 నుంచి పదేండ్లు రాయబారిగా ఉన్నాడు. 1645లో ఆ కొలువు మాని స్వీడనునుంచి తిరిగివస్తుండగా బాల్టిక్ సముద్రపు తుపానులో ఓడ చితికి ఒడ్డుకు కొట్టుకువచ్చింది. చలిలో బండిమీద రోస్టాక్ వరకు రాగలిగాడు. ఆగస్టు 28న అక్కడే కన్నుమూశాడు. బ్రతికుండగా రానివ్వని దేశం ఆయన శవాన్ని డెల్ఫ్ట్‌లోని కొత్త చర్చిలో సమాధి చేయనిచ్చింది. మరియా మరి ఎనిమిదేండ్లు బ్రతికింది.

1899లో హేగులో మొదటి శాంతి మహాసభ జరిగినప్పుడు అమెరికా ప్రతినిధులు ఆ సమాధిపై వెండి దండ ఉంచారు. 1913లో అదే నగరంలో శాంతి సౌధం లేచింది. 1946 నుంచి అంతర్జాతీయ న్యాయస్థానం అందులోనే కూర్చుంటున్నది. 1955లో పోర్చుగలువారు మన భారతదేశంమీద అక్కడ దావా వేశారు. డామన్‌నుంచి దాద్రా, నగర్ హవేలీలకు మన నేలమీదుగా పోయే హక్కు తమకున్నదని వారి ఫిర్యాదు. 1960 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది: పౌరులకు, సరుకులకు దారి ఉన్నది గాని సైన్యానికి లేదనీ, భారతదేశం తన బాధ్యత తప్పలేదనీ.