అఫనాసీ నికీతిన్ – రష్యన్ అక్షరాల్లో మన శ్రీశైలం

శివరాత్రి దగ్గరపడితే మన బల్మూర్, అచ్చంపేట దారుల్లో శ్రీశైలం నడిచిపోయే స్వాములు బారులు తీరడం సభ్యులందరూ ఎరిగినదే. సుమారు 550 ఏళ్ల కిందట బీదరు నుంచి బయలుదేరిన అటువంటి యాత్రికుల గుంపులో ఒక రష్యన్ వర్తకుడు కూడా నడిచాడు. పేరు అఫనాసీ నికీతిన్. వోల్గా ఒడ్డున ఉన్న త్వేర్ ఆయన ఊరు.

ముందు ఆ పేరు చదవడం సంగతి. ఉద్యోగాల్లో ఉండగా చవకగా దొరికిన సోవియట్ పుస్తకాలు కొని, రష్యన్ అక్షరాలు దిద్దినవాళ్లు మనలో కొందరున్నారు. నేనూ ఒకణ్ణి. అక్షరాలు 33. చిక్కంతా ఇంగ్లీషు పోలికతోనే. హెచ్ లా కనిపించేది న, పి లాంటిది ర, బి లాంటిది వ, సి లాంటిది స. నికీతిన్ పేరు హెచ్ లాంటి అక్షరంతో మొదలవుతుంది. పక్కనున్న తిరగేసిన ఎన్ మన ఇ. ఇంగ్లీషు అలవాటుతో నికిటిన్ అంటాం గానీ రష్యన్‌లో మన ట లేదు, పళ్లకు తగిలే త మాత్రమే. ఎక్స్ ఆకారపు అక్షరాన్ని ఉర్దూ ఖబర్‌లోని గొంతు ఖ లా పలకాలి. పాలమూరు వాళ్లకు అది ఎవరూ నేర్పనక్కరలేదు!

ఆయన 1466లో బయలుదేరాడని కొందరు, 1468లో అని కొందరు పండితులు అంటారు. ఆస్త్రఖాన్ దగ్గర తాతార్లు దోచుకున్నారు. సరుకుతో పాటు ప్రార్థన పుస్తకాలూ పోయాయి. ఉత్త చేతులతో ఇంటికి వెళ్లలేక పర్షియా మీదుగా హోర్ముజ్ చేరి, 100 రూబుళ్ల ఖర్చుతో ఒక గుర్రాన్ని ఓడలో చౌల్ రేవుకు తెచ్చాడు. జున్నరులో అక్కడి ఖాను గుర్రాన్ని లాక్కుని, మతం మారితే తిరిగి ఇస్తానని నాలుగు రోజుల గడువు పెట్టాడు. ఖొరాసాన్ నుంచి వచ్చిన ముహమ్మద్ అనే పెద్దమనిషి మాట సాయంతో గుర్రమూ దక్కింది, మతమూ దక్కింది.

ఆ గుర్రాన్ని బహమనీల రాజధాని బీదరులో అమ్మాడు. అక్కడ హిందువులకు తాను క్రైస్తవుణ్ణని చెప్పాక వాళ్లు ఏదీ దాచకుండా మెలిగారట. వాళ్లతోనే నెల రోజుల ప్రయాణం చేసి శ్రీశైలం చేరాడు. గుడిని బుత్‌ఖానా అన్నాడు, ఉర్దూ తెలిసిన మనకు సులువుగా అర్థమయ్యే మాట. శ్రీశైలానికి శ్రీపర్వతమని పాత పేరు కదా, ఆ పర్వతం ఆయన అక్షరాల్లో పెర్వొత్ అయింది. బీదరు బెదెర్ అయింది. గుర్రాలకు పెట్టే కిచిడీని కూడా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. గుడి తన త్వేర్ పట్టణంలో సగమంత ఉందని, ఐదు రోజులు సంత సాగిందని, ఆడా మగా పిన్నా పెద్దా తలనీలాలు ఇచ్చారని, బంగారు పూత పూసిన నల్లరాతి నంది గిట్టను ముద్దాడి పూలు చల్లారని వివరంగా రాశాడు. మన యాత్రికుడు రాసినా ఇంతకన్నా ఏం రాస్తాడు?

అయితే ఆయన్ని లోపల తినేసిన దిగులు వేరు. పుస్తకాలు లేక ఉపవాసాలు ఎప్పుడో, ఈస్టరు పండుగ ఎప్పుడో లెక్క తప్పిపోయింది. తోడు ఆ అక్షరాలే. వాటిలో తుర్కీ, పారసీ, అరబ్బీ మాటలు కలిసిపోయాయి. సొంత దేశపు దొరల అన్యాయం గురించి రాసినచోట అక్షరాలు రష్యన్‌వే, మాటలు మాత్రం తుర్కీవి. ఇంటి దగ్గరి వాళ్లకు అర్థం కాకూడదనే కాబోలు.

తిరుగు ప్రయాణంలో నల్ల సముద్రం దాటాడు గానీ త్వేర్ చేరలేదు. స్మోలెన్‌స్క్ చేరకముందే కన్నుమూశాడు. ఆయన నోటు పుస్తకాలు 1475లో వర్తకుల చేతుల మీదుగా మాస్కో చేరాయి. 19వ శతాబ్దం మొదట్లో చరిత్రకారుడు కరంజిన్ వాటి ప్రతిని ఒక మఠంలో కనుగొన్నాడు. మూడు సముద్రాల యాత్ర అన్న పేరుతో అది ప్రసిద్ధమైంది. 1957లో వచ్చిన పరదేశి సినిమా ఆయన కథే, మనలో పెద్దవాళ్లకు గుర్తుండవచ్చు.

ఆ పుస్తకం చివరి పంక్తుల్లో రష్యన్ మాటలు లేవు. రష్యన్ అక్షరాల్లో రాసిన అరబ్బీ ప్రార్థన, వరుసగా దేవుడి పేర్లు.