క్యాలెండరు బొమ్మగా నిలిచిన కాంచనమాల

తెలుగు చలనచిత్రం మాటలు నేర్చిన తొలి దశాబ్దంలో అందానికి మారుపేరుగా నిలిచిన నటి కాంచనమాల. ఆమె 1917లో తెనాలి ప్రాంతంలో జన్మించారు. నాటకాలలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించే ఆచారం ఇంకా తొలగిపోని కాలమది. కుటుంబ స్త్రీలు తెరమీద కనిపించడాన్ని సంఘం హర్షించని ఆ రోజులలో, 1935లో ఆమె చిత్రరంగంలో అడుగుపెట్టారు.

ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన చిత్రం 1938లో వెలువడిన ‘మాలపిల్ల’. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథి సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి. బ్రాహ్మణ యువకుడు ప్రేమించిన హరిజన యువతి సంపలతగా కాంచనమాల నటించారు. దేవాలయ ప్రవేశం కోసం దేశమంతటా ఉద్యమం సాగుతున్న వేళ ఆ పాత్ర ధరించడం సామాన్యమైన సాహసం కాదు. ఇదే రామబ్రహ్మం మరుసటి ఏడాది తీసిన ‘రైతుబిడ్డ’లో మన బళ్లారి రాఘవ నటించిన సంగతి ఈ ప్రాంతం వారికి ప్రత్యేకంగా గుర్తుండదగినది.

ఆ వెనుక విజయాలు వరుస కట్టాయి. 1938లోనే ‘గృహలక్ష్మి’, 1939లో నాగయ్య సరసన ‘వందేమాతరం’, అదే ఏడాది వితంతు వివాహాన్ని సమర్థించిన ‘మళ్లీ పెళ్లి’, 1940లో ‘ఇల్లాలు’ వచ్చాయి. విశాలమైన కన్నులు, నిండైన విగ్రహం గల ఆమె బొమ్మతో అచ్చయిన క్యాలెండర్లు ఇళ్ల గోడలను అలంకరించాయి. ఆమె చీరకట్టునూ, రవికె తీరునూ స్త్రీలు అనుకరించారు. వస్త్ర ప్రదర్శనలు, వాటికోసమే పనిచేసే మోడళ్లు తెలుగునాట లేని ఆ రోజులలో ఆ స్థానం కాంచనమాలదే.

1942లో జెమినీ సంస్థ నిర్మించిన ‘బాలనాగమ్మ’ ఆమె కీర్తికి శిఖరం. జంగం కథగా, బుర్రకథగా పల్లె పల్లెనా వినిపించే గాథ అది. చిత్రం ఘనవిజయం సాధించింది. అయితే ఆ శిఖరం మీదనే పతనమూ మొదలైంది. ఆ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందం విషయమై ఆమెకూ, అధినేత వాసన్‌కూ విభేదాలు తలెత్తాయి. ఒప్పందపు బంధం వలన ఇతరుల చిత్రాలలో నటించే దారి మూసుకుపోయిందని సినీ చరిత్రకారులు రాశారు. ముప్పై ఏళ్లైనా నిండని నటికి, నాయికగా పేరు మారుమోగుతున్న వేళ, పని లేకుండాపోయింది. పిమ్మట భర్త మరణం ఆమెను మరింత కుంగదీసింది. క్రమంగా మనస్సు స్థిమితం తప్పింది.

అభిమానుల గోడల మీద బొమ్మ చెక్కుచెదరక నవ్వుతూనే ఉండగా, ఆ బొమ్మకు మూలమైన మనిషి మద్రాసులో మరుగున పడిపోయారు. ఆ దశలో ఆమెను ఆదరించినది తోటి నటి లక్ష్మీరాజ్యం. తాము 1963లో నిర్మించిన ‘నర్తనశాల’లో ఆమెకు ఒక చిన్న పాత్ర కూడా ఇచ్చారు. ఒకనాడు ఎవరిని చూడడానికి జనం బండ్లు కట్టుకొని వచ్చారో, ఆమె ఆ చిత్రంలో ఉన్నారని గుర్తించినవారు కొద్దిమందే. 1981 జనవరి 24న ఆమె మద్రాసులో కన్నుమూశారు.

కాంచనమాల పతనానికి విధిని మాత్రమే నిందించడం న్యాయం కాదు. ఆనాటి నటీమణులకు అండగా నిలిచే సంఘం లేదు. కాగితం మీద సంతకం పెట్టేముందు షరతులు విడమరచి చెప్పేవారూ అరుదు. మనోవ్యాధికి నేడున్న వైద్యం ఆనాడు లేదు. అందం తెచ్చిన డబ్బు పలువురికి పంచబడింది. కష్టం మాత్రం ఆమె ఒక్కరికే మిగిలింది. చదువుతో పాటు ఒప్పంద పత్రాన్ని చదివి అర్థం చేసుకొనే తెలివిని కూడా ఆడపిల్లలకు అందించడం పెద్దల విధి. పొలం కౌలు కాగితమైనా, పట్నంలో ఉద్యోగపు కాగితమైనా ఈ జాగ్రత్త ఒక్కటే.