తేనీటి తత్త్వవేత్త ఒకాకురా కకుజో

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యీయవలసినదని కార్యవర్గమువారు కోరినపుడు, పోతన సోమనాథాదులను గూర్చి వ్రాయుటకు నాకంటె తగినవారు పలువురు కలరని తలచి, తూర్పు సముద్రపు దీవులలో పుట్టిన ఒక జపానుదేశీయుని ఎన్నుకొంటిని. పాఠకులు అన్యథా భావింపకుందురుగాక. మనము దినమునకు రెండు మూడు పర్యాయములు త్రాగుచును ఒక్క నిమిషమైనను ఆలోచింపని చాయను ఆధారముగా గొని, తన జాతి హృదయమును పరదేశీయులకు విప్పి చూపినవాడితడు. ఊరి లెక్కలు వ్రాయుచు వయస్సు గడపిన నాబోటివానికి ఇతనిపై మక్కువ కలుగుటకు వేరొక కారణమును కలదు.

ఒకాకురా 1863వ సంవత్సరమున యొకొహామా రేవుపట్టణమున జన్మించెను. తండ్రి ఫుకుయి సంస్థానమునకు చెందిన యోధకులమువాడు; ప్రభువుల యాజ్ఞచే కత్తి విడిచి పట్టు వర్తకమునకు దిగినవాడు. అంగడికి వచ్చువారు విదేశీయులగుటచే బాలునకు చిన్ననాడే ఇంగ్లీషు చెప్పించిరి. పిల్లవాడా భాషను నీళ్లవలె త్రాగెను. ఒకనాడు తండ్రితో ప్రయాణము చేయుచు, దారిలోని యొక పలకమీది స్వదేశలిపిని చదువుమన్నపుడు, ఒక్క యక్షరమును చదువలేకపోయెనట. తండ్రి సిగ్గుపడి, తల్లి లేని యా బిడ్డను ఒక దేవాలయమున నుంచి ప్రాచీన గ్రంథములు చదివించెను.

ఈ ఘట్టము చదివినపుడెల్ల నాకు మా తాతగారు జ్ఞప్తికి వచ్చుచుందురు. నిజాము రాజ్యమున కచ్చేరీ భాష ఉర్దూ. బడిలో బోధయు ఉర్దూయే. పహాణీలు చకచక వ్రాయగలిగిన యా వృద్ధుడు తెలుగున సంతకమునకు మించి వ్రాయలేకుండెను. నాకు భారత భాగవతములు చదువ నేర్పినది ఏ పాఠశాలయు గాదు, మన గ్రంథాలయపు బీరువాయే. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది 1901లో. ఆ యేటి చివరనే ఒకాకురా భారతదేశమునకు పయనమయ్యెను.

అంతకు ముందటి కథ త్వరగా చెప్పెదను. టోక్యో విశ్వవిద్యాలయమున ఫెనలోసా యను అమెరికా పండితునివద్ద చదివి 1880లో పట్టము పొందెను. రాజ్యతంత్రమును గూర్చి అతడు వ్రాసిన వ్యాసమును భార్య కోపమున తగులబెట్టగా, రెండు వారములలో కళలను గూర్చి మరొకటి వ్రాసి యొప్పగించెనని ప్రసిద్ధి. ఆ యిల్లాలి కోపము జపాను కళకు వరమయ్యెనని నేననుకొందును. అది పాతదంతయు పనికిరానిదని జనులు భ్రమసిన కాలము. ఆలయములలోని విగ్రహములను అల్పధరలకు అమ్ముకొనుచుండిరి. గురుశిష్యులు ఊరూర తిరిగి ఆలయముల నిధులకు పట్టికలు వ్రాసిరి. 1884లో హోర్యూజి ఆలయమున శతాబ్దముల తరబడి వస్త్రములచే చుట్టబడియున్న అవలోకితేశ్వర విగ్రహమును విప్పించి చూచిరి. లెక్కలవాడనగుటచే ఈ పట్టికలు వ్రాసిన పనియే నాకు మిక్కిలి గొప్పదిగా తోచును. 1890లో కకుజో ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. 1898లో ఆ పదవి పోయెను. ప్రత్యర్థుల కుతంత్రములును గలవు, అతని స్వంత నడవడిలోని లోపమును గలదు. దానిని దాచుట చరిత్రకారునకు ధర్మము గాదు. అనుచరులతోగూడి అదే యేట నిహోన్ బిజుత్సుయిన్ అను కళాసంస్థను స్థాపించెను.

1902 ఆరంభమున కలకత్తా చేరి, వివేకానందస్వామితో బుద్ధగయకును కాశికిని వెళ్లెను. ఠాకూరు కుటుంబమువారితో చెలిమి గలిగెను. ఆ యాత్రలోనే అజంతా గుహలను దర్శించెను. అజంతా నాడు నిజాము రాజ్యములోనిదే. మన కరీంనగరమప్పటికి ఎలగందుల జిల్లాలోనిది. అనగా ఆ యతిథి మన రాజ్యపు గడ్డమీద కాలు మోపినవాడే. ఆసియా జాతులకెల్ల అంతస్సూత్రమొక్కటియే యని ప్రతిపాదించు అతని గ్రంథము 1903లో నివేదిత పీఠికతో లండనున వెలువడెను. ఆ యేటనే తన శిష్యులగు తైకాన్, షున్సో అను చిత్రకారులను కలకత్తాకు పంపెను. వారివలన అవనీంద్రనాథుడు రంగును నీటితో కడిగి మృదువుచేయు పద్ధతిని గ్రహించెను. ఆ పద్ధతి వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని ద్వారా బందరు జాతీయ కళాశాలకు వచ్చి, మన అడివి బాపిరాజు కుంచెకు చేరెను.

1904లో ఒకాకురా అమెరికాకు పోయి బోస్టను ప్రదర్శనశాలలో జపాను చీనా కళావస్తువులను సవరించు పనికి కుదిరెను. అచ్చట ఇంగ్లీషు దొరలకంటె చక్కగా ఇంగ్లీషు మాటాడుచు, దుస్తులు మాత్రము తన దేశమువే ధరించెడివాడు. జపాను రష్యాతో యుద్ధము చేయుచున్న దినములవి. శాంతముగా నున్నంతకాలము తమను అనాగరికులని తలచి, పీనుగుల పెంటలు చూచిన పిదప నాగరికులని మెచ్చు పాశ్చాత్యుల తీరు అతనికి మిగుల కష్టము తోపించెను. ఆ బాధనుండి పుట్టినదే 1906లో న్యూయార్కున ప్రకటింపబడిన తేనీటి గ్రంథము. ఇసబెల్లా గార్డనరను కళాభిమాని యింటి గోష్ఠులలో అతడు ఈ సంప్రదాయమును అచ్చటివారికి పరిచయము చేసెను.

ఆ సంప్రదాయమేమో కొంత చెప్పవలెను. దానికి చానోయు అని పేరు. తేయాకునకు కాచిన వేడినీరని యర్థము. అందలి చా యనునదియు, మన తెలంగాణపు చాయయు ఒక్క చీనా పదమునుండి పుట్టినవే. తేయాకు అనుటలోని తే అను ముక్క చీనా సముద్రతీరపు మాండలికమునుండి ఓడలమీద వచ్చినది. మేలైన తేయాకు విత్తులను 1191లో ఎయిసాయి యను బౌద్ధభిక్షువు చీనానుండి తెచ్చెనందురు. ధ్యానమున నిద్ర రాకుండ త్రాగు కషాయమును, 16వ శతాబ్దమున సెన్ నొ రిక్యూ అను ఆచార్యుడు ఒక వ్రతముగా తీర్చెను. గది నాలుగున్నర చాపల ప్రమాణము. ద్వారము మోకాళ్లపై ప్రాకి పోవలసినంత చిన్నది. యోధులైనను కత్తులను వెలుపలి కొయ్యకు తగిలించి, తల వంచియే లోనికి పోవలెను. గోడకు ఒక పటము, ఒక పూవు. అంతకుమించి అలంకారము లేదు. గృహస్థుడు మాటలాడక పాత్రలు తుడిచి, పచ్చని తేయాకు పొడిని వెదురు గరిటెతో వేసి, సన్నగా చీల్చిన వెదురు కవ్వముతో చిలుకును. చిక్కని తేనీరైనచో పాత్ర యొక్కటే. ఒకడు త్రాగి అంచు తుడిచి ప్రక్కవానికి అందించును.

ఇచ్చట నా కలము కొంచెము ఆగినది. మన పల్లెలలోని చాయ హోటళ్లలో కొందరికి వేరుగా గ్లాసులు పెట్టి, వాటిని వారిచేతనే కడిగించిన దినములను నేను కన్నులార చూచితిని. చిన్నతనమున ఆ గ్లాసులను చూచియు ఏమియు ననని వారిలో నేనొకడను. ఒక్క పాత్రను పదుగురు పంచుకొను ఆచారమును గూర్చి యీ బీరువాలోని పుస్తకములవలన తెలిసికొన్నదాక, అది తప్పని నాకు తట్టనేలేదు. అయితే జపానులోను ఆ సమత ద్వారము దాటి వెలుపలికి వచ్చెనని చెప్పజాలము. రిక్యూనే అతని ప్రభువగు హిదెయోషి 1591లో ఆత్మహత్య చేసికొమ్మని ఆజ్ఞాపించెను.

ఒకాకురా గ్రంథము తేనీరు కాచు విధానమును చెప్పునది కాదు. ఏడు ప్రకరణములలో తేయాకు చరిత్ర, తావో జెన్ మతములు, గది, కళాస్వాదనము, పుష్పములు, ఆచార్యులు వర్ణింపబడినవి. అతడు ఏ తేనీటి గురుపీఠమునకును చెందినవాడు కాడు. ధనికులు ఒక్క మట్టిపాత్రకు గంపెడు ధనము పోసి డంబము చూపిన సంగతిని అతడు తేలికగా దాటవేసెనని నాకు తోచును. ఆసియా ఐక్యమును గూర్చిన అతని భావమును అనంతర కాలమున యుద్ధోన్మాదులు తమ దండయాత్రలకు ధ్వజముగా వాడుకొనిరి. అప్పటికతడు జీవించి లేడు. కాని మాట వదలినవానికి ఆ లెక్కలో కొంత పద్దు పడకమానదు.

1912లో మరల కలకత్తాకు వచ్చినపుడు ప్రియంవదాదేవి యను కవయిత్రితో పరిచయమయ్యెను. వారి లేఖలు అతని తుదిదినములవరకు సాగినవి. 1913 సెప్టెంబరు 2న అకకురా యను కొండ గ్రామమున, 50 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. పరదేశీయులకై పరభాషలో వ్రాసిన ఆ గ్రంథము అతని దేశమువారి భాషలో పుస్తకముగా వచ్చుటకు 1929వరకు పట్టినది. ప్రపంచయుద్ధానంతరము ఉరసెంకె అను తేనీటి పీఠమువారు 1951లో హవాయిలో శాఖను నెలకొల్పి, పిదప పెక్కు దేశములలో విద్య నేర్పసాగిరి. పాత్ర పట్టుట వారు నేర్పిరి. ఆ పాత్రయం దాసక్తిని అంతకు మునుపే ఇతడు పుట్టించియుండెను.

ఇజురా యను సముద్రతీరమున 1905లో ఒకాకురా ఆరు కోణములుగల చిన్న మందిరము కట్టించుకొని, అలలు చూచుచు కూర్చుండెడివాడు. 1916లో జపాను వెళ్లిన రవీంద్రనాథుడు చనిపోయిన మిత్రుని యిల్లు చూచుటకై ఆ తీరమునకు పోయెను. 2011 మార్చి 11వ తేదీనాటి సునామీలో ఆ మందిరము సమూలముగా కొట్టుకొనిపోయినది. మరుసటి యేట ఆ చోటనే, ఆ కొలతలతోనే, మరల కట్టిరి.